లింటెల్ లెవెల్ దాకా వచ్చిన నవల

నూకరత్నం నవల మొదలుపెట్టిన ఏడాదే ప్రభుత్వానికి కూడా నవల మీద ప్రేమ పుట్టింది. ఈ రెండూ దేనికది విడిగా జరిగి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ముందు నూకరత్నం సంగతి. కొత్తరేవు మెయిన్ రోడ్డు మీద పాత సినిమాహాల్లో ఆడవాళ్ల టికెట్ల కౌంటరు ఆవిడది. పెళ్లయిన కొత్తలో చేరి, హాలు మూసేసి కల్యాణమండపం కట్టేదాకా అక్కడే కూర్చుంది. ఆ కౌంటరుకి కిటికీ లేదు. గోడలో చెయ్యి పట్టేంత కంత ఒకటి ఉండేది. అందుకని ఊళ్లో ఆడవాళ్ల మొహాలకంటే చేతులే ఆవిడకి బాగా తెలుసు. గాజులు నిండుగా ఉన్న చేతులు, నూనె చిట్లి మచ్చలు పడ్డ చేతులు, చిల్లర గట్టిగా పట్టుకుని చెమట పట్టిన చేతులు. ఆడవాళ్లు గుంపుగా వచ్చి నాలుగో ఐదో టికెట్లు అడిగేవారు. ఒకసారి మాత్రం మ్యాట్నీకి ఒక చెయ్యి వచ్చి, "ఒక్కటే ఇవ్వండి" అంది. ఆ రోజుల్లో ఒంటరిగా సినిమాకి వచ్చిన ఆ మనిషి ఎవరో, ఇంట్లో ఏం చెప్పి వచ్చిందో, ఆట వదిలాక ఎటు పోయిందో నూకరత్నానికి తెలియలేదు. తెలియనందుకే మర్చిపోలేకపోయింది.

హాలు పోయాక ఆవిడ చీరలకి ఫాల్సు కుట్టి, పీకో చేసి బతుకుతోంది. మొగుడు తాతాజీ అదే హాల్లో ప్రొజెక్టరు నడిపినవాడు. ఇప్పుడు అదే చోట పెళ్లిళ్లకి వచ్చే కార్లని ముందుకీ వెనక్కీ సర్దిస్తుంటాడు. పెళ్లిళ్లుంటే కూలి ఉంది, మూఢం వస్తే ఇంట్లో పొయ్యి కూడా మూఢం పాటిస్తుంది. ఉండేది రేకుల గది, అద్దెది. వాన పడితే బయటకంటే లోపలే కాస్త ఎక్కువ పడినట్టు ఉంటుంది.

అరవైకి దగ్గర పడుతుండగా, అలాంటి ఒక మూఢంలో, ఆ చెయ్యి మీద నవల రాస్తానని నూకరత్నం మొగుడితో చెప్పింది. కౌంటర్లో ఆటకీ ఆటకీ మధ్య వారపత్రికల్లో సీరియళ్లు చదివిన మనిషి, రాయాలన్న కోరిక అప్పటిది. తాతాజీ వద్దనలేదు. ముందు కళ్లజోడు మార్చుకోమన్నాడు. దానికి డబ్బుల్లేవని గుర్తొచ్చి, మర్నాడు మండపంలో మిగిలిపోయిన శుభలేఖల కట్ట ఒకటి తెచ్చి ఇచ్చాడు. వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు మీద నూకరత్నం పెద్ద అక్షరాలతో, "వరాలు బస్టాండులో కూర్చుని ఉంది" అని రాసింది. చెయ్యికి అలా పేరూ మనిషీ వచ్చాయి.

ఇక ప్రభుత్వం సంగతి. రాజధానిలో ఏదో సభలో ఒక పెద్దమనిషి, జీవితం చూసినవాళ్లకి రాసే స్తోమత లేదు, స్తోమత ఉన్నవాళ్లు జీవితం చూడలేదు, అందుకే నవల చచ్చిపోతోంది అన్నాడు. మాట నిజమే. నిజం కాబట్టి చప్పట్లు బాగా పడ్డాయి. చప్పట్లు పడ్డాయి కాబట్టి పథకం పుట్టింది. పేరు మలిసంధ్య నవలా పథకం. అప్పటికి మార్చి నెలాఖరు. సాయంత్రంలోగా మార్గదర్శకాలు తయారు కాకపోతే నిధులు మురిగిపోతాయి. సెక్షన్‌లో ఉన్న గుమస్తా తెలివైనవాడు. తన కంప్యూటర్లో పేదల ఇళ్ల పథకం మార్గదర్శకాలు తయారుగా ఉన్నాయి. అందులో 'ఇల్లు' ఉన్నచోటల్లా 'నవల' పెట్టమని కంప్యూటర్‌కి చెప్పాడు. అది ఒక్క నిమిషంలో ఆ పని చేసి పెట్టింది. ఎక్కడా ఒక్క ఇల్లు మిగల్లేదు.

దాంతో సొంత నవల లేని ప్రతి నిరుపేద కుటుంబానికీ ఒక నవల మంజూరు చేయాలని సర్కారు తీర్మానించినట్టయింది. పునాది, గుమ్మం పైన వచ్చే లింటెల్, స్లాబు లెవెళ్లలో తనిఖీ చేసి విడతల వారీగా బిల్లులు ఇవ్వాలి. గతంలో నవల పొందినవారు, తండ్రి పేరున పక్కా నవల ఉన్నవారు అనర్హులు. ఈ కాగితం మీద పెద్ద పెద్ద వాళ్లు సంతకాలు పెట్టారు. చదివి పెట్టారా అని అడగడం మర్యాద కాదు.

శాఖకి సిబ్బంది లేరు. అందుకని కొత్తరేవులో ఇళ్ల పథకం చూసే అసిస్టెంట్ ఇంజినీరు లింగమూర్తి గారికి నవలల అదనపు బాధ్యతలు అప్పగించారు. లింగమూర్తి గారు లంచం ముట్టని మనిషి. ముట్టేవాడే అయితే నూకరత్నం సగం కష్టాలు మొదటి రోజే తీరిపోయేవి. ఆయన నిబంధన ఎలా ఉంటే అలా నడిచే రకం. నవలలంటే ఆయనకేమీ తెలియదు, కానీ తెలియదని పని ఆపడం ఆయన సర్వీసులో లేదు.

తాతాజీ మండపంలో ఎవరో ఈ పథకం సంగతి అనుకుంటుంటే విని నూకరత్నం చేత దరఖాస్తు పెట్టించాడు. ఊళ్లో అన్ని అర్హతలూ ఉన్న నిరుపేద ఆవిడొక్కర్తే తేలింది. మిగతావాళ్లు నిరుపేదలే గానీ నవల మొదలుపెట్టలేదు. మంజూరు పత్రం చేతిలో పడ్డ రోజు నూకరత్నం ఆనందంతో ఏడ్చింది. మొదటి బిల్లు వస్తే పొద్దుటి పూట ఫాల్సు కుట్టడం మానేసి రాసుకోవచ్చు. ఆవిడ కోరుకున్నది అంతే, పొద్దుటి పూటలు.

వారం తిరక్కుండా లింగమూర్తి గారు టేపూ, ఫోనూ, ఒక సంచీ సున్నం పట్టుకుని వచ్చారు.

"అమ్మా, తమరి నవల నిర్మాణ స్థలాన్ని చూపించగలరు. ముగ్గు పోయించి, ఫోటో తీసి అప్‌లోడ్ చేయవలసి ఉంది" అన్నారు.

నూకరత్నం చాప మీద ఉన్న శుభలేఖల కట్ట చూపించింది. ఆయన దాని చుట్టూ సున్నంతో నలుచదరంగా గీత గీయించి, ఆవిడని పక్కన నిలబడమని ఫోటో తీశారు. అక్షాంశాలూ రేఖాంశాలూ ఫోన్లో నమోదయ్యాయి. ఇకమీదట నవల ఈ స్థలంలోనే లేవాలని, పక్కకి జరిగితే మంజూరు రద్దవుతుందని చెప్పారు. నూకరత్నం బుర్ర ఊపింది. ఆ నెలలోనే పెద్ద వాన వచ్చి చాప మునిగితే, కాగితాలు పట్టుకుని పక్కింటి అరుగు మీదికి పోయి రెండు పేజీలు రాసుకుంది. ఆ మర్నాడే లింగమూర్తి గారు వచ్చి అరుగు మీద ఉన్న కాగితాలకి ఫోటో తీస్తే, స్థలం మారిందని ఫోను ఎర్రగా చూపించింది. ఆక్రమిత స్థలంలో కట్టిన ఆ రెండు పేజీలూ తొలగించి, గదిలోకి వచ్చి మళ్లీ అవే మాటలు రాయాల్సి వచ్చింది. రెండోసారి రాసినవి అంత బాగా రాలేదు.

పునాది దగ్గర మొదటి గొడవ వచ్చింది. లింగమూర్తి గారు మొదటి పేజీ చదివి కళ్లద్దాలు తీశారు. నవల వరాలు నలబయ్యో ఏట, బస్టాండులో మొదలైంది. నేల మట్టం కింద ఏమీ లేదు. పునాది తవ్వకుండా నేరుగా గోడ లేపేశారు, ఇది కూలిపోతుంది, బిల్లు పెట్టను అన్నారు. పాతికేళ్ల సర్వీసులో తాను బిల్లు పెట్టిన ఏ కట్టడమూ కూలలేదని కూడా అన్నారు.

కథ మధ్యలోంచి మొదలుపెడితే చదివేవాళ్లకి ఆత్రం ఉంటుందని నూకరత్నం చెప్పి చూసింది. ఆత్రం గురించి మార్గదర్శకాల్లో ఏమీ లేదన్నారాయన. చివరికి వరాలు పుట్టుక, వాళ్ల నాన్న, తాత, తాతకి ముందు మూడు తరాలు రాసి బస్టాండు కింద పూడ్చింది. వరాలు ముత్తాత సున్నం బట్టీ పెట్టినట్టు రాసేసరికి ఇంజినీరు గారికి పునాది మీద నమ్మకం కుదిరింది. బిల్లు పడింది. పొద్దుటి పూటలు నూకరత్నానివి అయ్యాయి.

అప్పట్నుంచి నవల సాగింది. వరాలు అన్నగారింట్లో జీతం లేని పనిమనిషిగా బతుకుతుంది. పెళ్లయింది, మొగుడు వదిలేశాడు, ఎవరింట్లో ఉన్నా ఎవరో ఒకరు 'ఇక్కడే ఉండు' అనడమే గానీ 'ఉంటావా' అని అడిగినవాళ్లు లేరు. చీర కుట్టినంత సూటిగా రాసుకుపోతోంది నూకరత్నం. వండుతూ కూడా వరాలుతో మాట్లాడేది. తాతాజీ మొదట్లో భయపడ్డాడు, తర్వాత అన్నం తినేటప్పుడు "ఏటంటంది ఇయాల?" అని అడగడం మొదలుపెట్టాడు.

లింటెల్ లెవెల్లో లింగమూర్తి గారు గాలీ వెలుతురూ చూశారు. మూడు అధ్యాయాలు వరసగా దుఃఖంతో ఉన్నాయి, మధ్యలో ఒక్క కిటికీ లేదు. వరాలు తల్లి పోయింది, ఆ వెంటనే మొగుడు వదిలేసి పోయాడు, ఆ వెంటనే అన్నగారు నగలు తీసుకున్నాడు. ఇలాంటి గదుల్లో ఉంటే నివాసి ఆరోగ్యం దెబ్బతింటుందని, ప్రతి దుఃఖానికీ ఎదురుగా కనీసం ఒక సంతోషం తెరుచుకోవాలని ఆయన రాసిచ్చారు. నూకరత్నం తిట్టుకుంటూనే మధ్యలో ఒక అధ్యాయం పెట్టింది. అందులో వరాలూ, ఎదురింటి పిల్లలూ కలిసి పక్కింటివాళ్ల జామచెట్టు దులిపేస్తారు. రాసేటప్పుడు తనకే నవ్వొచ్చింది. ఆ సంగతి ఇంజినీరు గారికి చెప్పలేదు.

తర్వాత మరుగుదొడ్డి. నిబంధనల్లో దీనికి మినహాయింపు లేదు. మరుగుదొడ్డి లేని నవలకి ఒక్క రూపాయి కూడా బిల్లు పెట్టకూడదని పై నుంచి ప్రత్యేకంగా ఉత్తర్వులు ఉన్నాయి. నవలంతా వెతికినా ఒక్కటీ దొరకలేదు. లింగమూర్తి గారు గుమ్మంలో నిలబడి, ఇన్ని తరాల మనుషులు ఏం చేశారమ్మా అని నిజమైన బాధతో అడిగారు.

నూకరత్నం ఆ రోజు అన్నం మానేసింది. తను అపురూపంగా చెక్కుకుంటున్న కథలో ఎవరో దొడ్డి కట్టమంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. మర్నాడు మొండికేసి కూర్చుంది. ఆ మర్నాడు, అన్నగారింట్లో వరాలుకి తలుపు వేసుకునే చోటు ఏదైనా ఉందా అని ఆలోచించింది. లేదు. పడుకునేది వసారాలో, చీర మార్చుకునేది వంటింటి మూల. లోపల గడియ ఉన్న గది ఆ ఇంట్లో పెరట్లో ఒకటే. వరాలు అక్కడికి పోయి, గడియ వేసి, కుళాయి విప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చుకుని, మొహం కడుక్కుని వస్తుంది. బయట వదిన 'ఎంతసేపు' అని అరుస్తుంటుంది. ఆ అధ్యాయం రాసి నూకరత్నం రెండుసార్లు చదువుకుంది. నవల మొత్తంలో అదే బాగుందని ఆవిడకే తెలుసు. ప్రభుత్వానికి రుణపడాల్సి వచ్చినందుకు ఒళ్లు మండింది.

లింగమూర్తి గారు ఆ అధ్యాయం నిలబడి చదవడం మొదలుపెట్టి, మధ్యలో గడప మీద కూర్చున్నారు. ఆఖర్న టేపు తియ్యలేదు. తనిఖీ కాగితం మీద 'మరుగుదొడ్డి వినియోగంలో ఉన్నది' అని రాసి, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లారు.

స్లాబు పడ్డాక మూడు వారాలు తడపాలి. తడపని స్లాబు బీటలు వారుతుంది. నవలని ఎలా తడుపుతారో ఇంజినీరు గారికి కూడా అంతుబట్టలేదు గానీ, తడపకపోతే నాణ్యతా విభాగం వాళ్లు ఊరుకోరని ముందే హెచ్చరించారు. దేవుడి దయవల్ల అవి తుపాను రోజులు. నాణ్యతా విభాగం మనిషి గొడుగు వేసుకుని గదిలోకి వచ్చి చూసేసరికి రేకుల్లోంచి నీళ్లు ధార కడుతున్నాయి, నూకరత్నం చీరలు ఆరేసే తాడు మీద నవలలో సగం వేలాడుతోంది, పెళ్లికొడుకుల పేర్లు సిరా కారి వరాలు బతుకులోకి దిగాయి. ఆయన ఒక కాగితం వేళ్లతో నొక్కి చూసి, 'క్యూరింగ్ సంతృప్తికరం' అని రాశాడు. పైగా ఇంత శ్రద్ధగా తడిపిన లబ్ధిదారుని జిల్లాలో చూడలేదని మెచ్చుకున్నాడు. కారిపోయిన పేజీలన్నీ నూకరత్నం మళ్లీ రాసుకుంది.

ఇక మిగిలింది ఫైనల్ బిల్లు. అది పెద్దది. అప్పటికి మళ్లీ మూఢం వచ్చింది, మండపం తాళం వేసి ఉంది, గది ఓనరు ఖాళీ చెయ్యమని రెండుసార్లు కబురు పెట్టాడు. నవలకి ఆఖరి అధ్యాయం రాయాలి. వరాలు ఏం చేస్తుందో నూకరత్నానికి మొదట్నుంచీ తెలుసు. వెళ్లిపోతుంది. ఎవరికీ చెప్పకుండా, తెల్లారగట్ల మొదటి బస్సుకి.

లింగమూర్తి గారు వచ్చి ఫైనల్ బిల్లు నిబంధన చదివి వినిపించారు. నిర్మాణం పూర్తయితే చాలదు, నివాసం ఉండాలి. నివాసం లేని నవల ఖాళీ నవలగా పరిగణించబడుతుంది, ఇచ్చిన సొమ్మంతా వెనక్కి రాబడతారు. నవలలో నివసించేది తమరేనా అని ఆయన అడిగారు.

"నేనెక్కడండి, నేనీ గదిలో కదండీ ఉంటన్నాను" అంది నూకరత్నం.

"మరి లోపల ఉండేదెవరు?"

"వరాలండి."

ఆయన రాసుకున్నారు. నివాసి, వరాలు. అలాగైతే తమరు నిర్మించినవారు మాత్రమే, అనగా మేస్త్రీ కిందికి వస్తారు అని, ఆ మాట కూడా రాసుకున్నారు. వచ్చే గురువారం ప్రాజెక్టు డైరెక్టరు, అంటే పీడీ గారు, స్వయంగా గృహప్రవేశానికి వస్తున్నారని, ఆ వేళకి వరాలు నవల లోపల ఉండేలా చూసుకోవాలని చెప్పి వెళ్లారు.

ఆ మాట విన్నప్పట్నుంచి తాతాజీకి కాలు నిలవలేదు. రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు పొద్దున్నే వచ్చి చాప అంచున కూర్చున్నాడు.

"ఒక్క మాట చెప్తాను రత్నం, కోప్పడకు. ఆవిడ్ని ఆ పూటకి ఇంట్లో ఉంచు. పీడీ గారెల్లిపోయాకా పంపించేద్దువుగాని."

నూకరత్నం కోప్పడలేదు. గుమ్మం దగ్గర విడిచిన మొగుడి చెప్పులు చూసింది. మండపం ముందు ఎండలో అరిగిపోయి మడమల దగ్గర చిల్లులు పడ్డాయి. అందుకే ఆయన మాట కాదనలేక ప్రయత్నం చేసింది. 'వరాలు సంచీ కింద పెట్టి, ఆ ఇంట్లోనే ఉండిపోయింది' అని రాసింది. రాసి చదువుకుంది. కొట్టేసింది. మళ్లీ రాసింది. ఈసారి వదిన మంచిదైపోయి చెయ్యి పట్టుకుని ఆపినట్టు రాసింది. వదిన అలాంటిది కాదు. మళ్లీ కొట్టేసింది. మధ్యాహ్నానికి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నలబయ్యేళ్లు ఆళ్లూ ఈళ్లూ ఉండమన్న చోటే ఉందండి అది. నేను కూడా ఉండమంటే ఇంక దానికెవరున్నారండీ" అంది.

తాతాజీ లేచి, బస్సు ఎన్నింటికి పెట్టావని అడిగాడు. మరీ చీకట్లో ఒంటి ఆడది నడుచుకుంటూ ఎల్లడం మంచిది కాదు, కాస్త వెలుగు రానియ్యమన్నాడు. నూకరత్నం బస్సుని కొంచెం ఆలస్యం చేసింది.

గురువారం గది ముందు షామియానా వేశారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. నవలకి పసుపు రాసి, బొట్టు పెట్టి, రిబ్బను చుట్టి స్టూలు మీద ఉంచారు. ఇటుకల పొయ్యి మీద పాలు పొంగించారు. పీడీ గారు కారు దిగి రిబ్బను కత్తిరించి, ఈ ప్రభుత్వం నవల లేని పేదవాడు ఉండకూడదనే దృఢ సంకల్పంతో ముందుకు పోతున్నదని, ఒక్కొక్క నవలా రేపటి తరాలకు నీడనిస్తుందని మాట్లాడారు. వీధిలో జనానికి తలో లడ్డూ ఇచ్చారు. నివాస ధ్రువీకరణ కోసం ఆఖరి పేజీ పైకి చదవమని లింగమూర్తి గారికి చెప్పారు.

లింగమూర్తి గారు చదివారు. వరాలు తలుపు దగ్గరగా వేసింది. వసారాలో పక్క చుట్టి గోడకి ఆనించింది. బస్సెక్కింది. కండక్టరు ఎక్కడికని అడిగితే, ఈ బస్సు ఎక్కడిదాకా వెళ్తుందని తిరిగి అడిగింది. అక్కడితో నవల అయిపోయింది.

పాలు పొయ్యిలోకి పొంగుతున్నా ఎవరూ దించలేదు.

"నివాసి ఎక్కడ?" అన్నారు పీడీ గారు.

"ఎల్లిపోయిందండి" అంది నూకరత్నం.

"ఎక్కడికి?"

"నాకు చెప్పలేదండి."

పీడీ గారు ఇంగ్లీషులో కొంచెం మాట్లాడి కారెక్కారు. రిబ్బను ముక్కలు షామియానావాడు తీసుకున్నాడు. అందరూ వెళ్లాక లింగమూర్తి గారు ఒక్కరూ వెనక్కి వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అడిగారు.

"ఆవిడ దగ్గర చార్జీకి డబ్బులున్నాయామ్మా?"

"ఉన్నాయండి. జామకాయలు అమ్మినయ్యి కొంగున కట్టుకుంది."

ఆయన తేలికపడి వెళ్లారు.

ఫైనల్ బిల్లు రాలేదు. గది ఖాళీ చేసి కాలవ అవతల ఇంకా చవగ్గా దొరికిన చోటికి మారారు. మంచం రిక్షాలో పోయింది, నవల తాతాజీ చంకలో పోయింది. అక్షాంశాల గురించి ఈసారి ఎవరూ అడగలేదు.

రికవరీ నోటీసు మాత్రం ఆ చిరునామా వెతుక్కుని వచ్చింది. జిల్లా ఆఫీసులో విచారణ పెట్టారు. నూకరత్నం తాతాజీని వెంటబెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. సొమ్ము ఎవరి దగ్గర రాబట్టాలన్న దాని మీద మధ్యాహ్నం దాకా చర్చ జరిగింది. ఫైలు ప్రకారం నూకరత్నం మేస్త్రీ. ఇల్లు వదిలి నివాసి పారిపోతే మేస్త్రీ దగ్గర డబ్బు రాబట్టిన సందర్భం శాఖ చరిత్రలో లేదు. కాబట్టి బాధ్యురాలు వరాలు.

వరాలుకి నోటీసు పంపారు. చిరునామాలో లేరని తిరిగొచ్చింది. రెవెన్యూ వాళ్లు ఊళ్లో విచారించి, సదరు వరాలు ఇక్కడ ఎన్నడూ కాపురం ఉన్న దాఖలా లేదని ముగ్గురు పెద్దమనుషుల వాంగ్మూలం పంపారు. పోలీసులు బస్సు నంబరు కావాలన్నారు. నవలలో నంబరు లేదు. నంబరు వెయ్యనందుకు మేస్త్రీకి చార్జి మెమో ఇద్దామని ఒకరన్నారు, నంబరు వెయ్యాలన్న నిబంధన లేదని లింగమూర్తి గారు అడ్డం పడ్డారు. నిబంధన లేకపోవడం ఒక మనిషికి ఉపయోగపడటం ఆయన సర్వీసులో అదే మొదలు.

చివరికి పీడీ గారు ఉత్తర్వు చెప్పి రాయించారు. పరారీలో ఉన్న నివాసి వరాలును ఎరిగియున్న ఏకైక వ్యక్తి సదరు మేస్త్రీ నూకరత్నం అయి ఉన్నందున, ఆమె వరాలు బస్సు ఎక్కిన తరువాత ఎక్కడెక్కడ తిరిగినదీ, ఏమేమి చేసినదీ సమగ్రముగా వ్రాసి ప్రభుత్వానికి సమర్పించవలెను. ఆచూకీ లభ్యమగు వరకు ఈ వ్రాత నిలుపరాదు. ఆచూకీ లభ్యమైన తక్షణం రికవరీ ప్రారంభించబడును. అంతవరకు రికవరీ నిలుపుదల చేయడమైనది. ఇందు నిమిత్తం ఎట్టి ఆర్థిక సహాయమూ ఇవ్వబడదు.

నూకరత్నం సంతకం పెట్టి, గుమ్మం దగ్గర లింగమూర్తి గారిని ఆపింది. దీనికి కూడా పునాది తవ్వాలా అని అడిగింది. అక్కర్లేదన్నారు. ఇది నిర్మాణం కాదు, విచారణ. విచారణకి కొలతలుండవు. కిటికీలు? ఉండవు. మరి దొడ్డి?

"తమ ఇష్టం అమ్మా" అన్నారాయన. రాసినంత మేరకు అప్పుడప్పుడు తనకి చూపిస్తే బాగుంటుందని, అది తనిఖీ కింద కాదని చెప్పారు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. కుట్టాల్సిన చీరలు మూల కుప్పగా ఉన్నాయి. రేపట్నుంచి మళ్లీ పొద్దుటి పూటలు వాటికే పోతాయి, రాసుకోవడం మిగిలిన వేళల్లోనే. నూకరత్నానికి ఆ సంగతి తెలుసు. అయినా దీపం వేసి, చాప పరిచి కూర్చుంది. తాతాజీ ఉత్తర్వు కాగితం రెండుసార్లు చదివి మడత పెట్టాడు.

"ఆవిడ దొరికితే ఆ డబ్బులన్నీ కట్టించుకుంటారంట గదా. ఎప్పటికి దొరుకుద్దంటావ్ రత్నం?"

నూకరత్నం కలం మూత తీసింది.

"నా పానం ఉన్నంతకాలం దొరకదండి" అని, వరాలుని బస్సు దించింది.